రెండు తెరల మీద ఒకే పెళ్లి

ఆ ఎండాకాలం నా కుడి చెయ్యి పైకి లేవడం మానేసింది. మొదట చొక్కా తొడుక్కోవడం కష్టమైంది, తర్వాత తల దువ్వుకోవడం. ఒకరోజు పొద్దున కంప్యూటర్ ముందు కూర్చుని మౌస్ మీద చెయ్యి వేస్తే భుజంలోంచి మోచేతి దాకా నొప్పి జివ్వున దిగింది. పళ్లు బిగబట్టి కాసేపు పని చేశాను. ఇక వల్ల కాక అన్నీ ఆపేసి, ఆటో ఎక్కి దవాఖానకు పోయాను.

డాక్టరు నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం పని చేస్తవ్?" అని అడిగాడు.

"పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తా సార్."

"ఎన్నేండ్ల సంది?"

"ఇరవై రెండేండ్లాయె."

"చెయ్యి ఎట్ల పెడ్తవో సూపియ్యి."

లేని బల్ల మీద లేని మౌస్ పట్టుకుని చూపించాను. చూపించడానికి కూడా నొప్పి పుట్టింది. భుజం పట్టేసిందని, వ్యాయామాలు చేస్తే నిదానంగా వదులుతుందని, ఆరు వారాలపాటు ఆ చేతిని అలా చాచి పెట్టవద్దని చెప్పాడు.

బయటికి వచ్చాక నొప్పి కంటే ఎక్కువగా ఒక పెళ్లి నన్ను పట్టి పీడించింది. నర్సంపేట దారిలో ఒక ఊళ్లో వ్యవసాయం చేసుకునే కుటుంబం ఆ పెళ్లివాళ్లది. వరంగల్‌లో స్టేషన్‌కు దగ్గర్లో ఒక మేడమీద నేనూ మా తమ్ముడూ కలిసి స్టూడియో నడుపుతాం. తీయడం వాడి పని, తీసినదాన్ని కోసి కూర్చడం నా పని. ఆ పెళ్లిని వాడు, ఇంకో కెమెరా అతను కలిసి రెండు రోజులు తీశారు. బోనాల లోపు ఇస్తామని మాటిచ్చాం. ఫుటేజీ అంతా హార్డ్‌డిస్కులో పడి ఉంది, నా చెయ్యి మెడకు వేలాడుతోంది.

ఎడమ చేత్తో మౌస్ పట్టి రెండు రోజులు ప్రయత్నించాను. తెర మీద బాణం గుర్తు తాగినవాడిలా తిరిగింది. మూడో రోజు మా అమ్మాయి తన టాబ్లెట్ తెచ్చి నా ముందు పెట్టింది. ఇంటర్ చదువుతోంది, క్లాసుల కోసం కొన్నది అది.

"అబ్బూ, మీరు కంప్యూటర్ల వాడే సాఫ్ట్‌వేర్ దీంట్ల గూడ ఉన్నది. ఎక్కించిన. జర సూడుండ్రి."

నమ్మలేదు. పిల్లలు చిన్న చిన్న వీడియోలకు పువ్వులు, నక్షత్రాలు అద్దుకునే బాపతు ఏదో అయి ఉంటుందనుకున్నాను. తెరిచి చూస్తే నిజంగా అదే. అవే రంగులు, అవే బొత్తాలు, అదే వరస. కాకపోతే పెద్దింట్లోంచి చిన్నింట్లోకి మారినప్పుడు సామాన్లు సర్దినట్టు అన్నీ దగ్గర దగ్గరగా ఇరుక్కుని ఉన్నాయి. కొన్ని కనిపించనే లేదు. ఎక్కడున్నాయో మా అమ్మాయి వెతికి చూపింది.

తెర కింది భాగంలో ఒక పొడవాటి పట్టీ ఉంటుంది. టైమ్‌లైన్ అంటాం. తీసిన ముక్కలను దాని మీద వరసగా పేర్చి, అక్కర్లేనిది కోసేసి, వెనకది ముందుకూ ముందుది వెనక్కూ జరుపుతూ పోతాం. ఎడిటరు పని చాలామటుకు ఆ పట్టీ మీదే. కంప్యూటర్ దగ్గర నా కుడి చెయ్యి మౌస్ మీద, ఎడమ చెయ్యి కీబోర్డు మీద ఉంటాయి. ఏ వేలు ఏ మీట నొక్కుతోందో నేను ఆలోచించి ఎన్నో ఏళ్లయింది. ఇప్పుడు ఆ మీటలు లేవు. మంచం మీద కూర్చుని, దిండు మీద టాబ్లెట్ పెట్టుకుని, కుడిచెయ్యి ఒడిలో పెట్టుకుని, ఎడమచేతి వేలితో ఆ పట్టీని అటూ ఇటూ జరుపుతున్నాను. వేలికి పని లేనప్పుడల్లా అది దుప్పటి మీద టకటకా కొట్టుకుంటోంది.

నా భార్య అల్లం చెక్కు తీస్తూ గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. చాలాసేపు చూసి అడిగింది.

"ఆ చెయ్యి దుప్పట్ని ఏం చేస్తాంది?"

"కట్ చేస్తాంది."

"దేన్ని?"

అప్పుడు చూసుకున్నాను. నా ఎడమచెయ్యి దుప్పటి మీద కీబోర్డు ఉన్నట్టే, కోయాల్సినచోట సరిగ్గా ఆ మీట ఉండాల్సిన జాగాలో కొడుతోంది. ఇద్దరం నవ్వుకున్నాం.

నా భార్య పెళ్లిళ్లలో మెహందీ పెడుతుంది. కాశిబుగ్గలో మా గల్లీలోనే కాదు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా వచ్చి పిలుచుకుపోతారు. మా నిఖాలకూ పోతుంది, హిందువుల లగ్గాలకూ పోతుంది. అయినా ఈ ఇరవై రెండేళ్లలో నా స్టూడియో గదిలోకి వచ్చి కూర్చున్నది లేదు. రావద్దని నేనెప్పుడూ అనలేదు. రమ్మని కూడా అనలేదని ఆ వారంలోనే తట్టింది. నా పని ఎప్పుడూ ఒక తలుపు వెనక, చల్లటి చీకటి గదిలో, చెవుల మీద హెడ్‌ఫోన్లతో జరిగేది. ఇప్పుడు అది ఇంట్లో మంచం మీదికి వచ్చింది. కూరగాయలమ్మే ఆమె పలకరిస్తూ చూసింది. మా అమ్మాయి అన్నం తింటూ చూసింది. నా భార్య అల్లం పళ్లెం పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, నా పక్కన కూర్చుని చూసింది.

"ఈమెను ఎందుకు తీసేసిన్రు?"

"ఎవరిని?"

"ఇప్పుడే పోయింది సూడుండ్రి. పిల్లకు గాజులు ఎక్కిస్తాందామె."

"లైటింగ్ మంచిగ లేదు."

"గాజులు పట్టక ఏలు గుంజుతాంది. పిల్ల మొఖం సూడుండ్రి ఎట్ల పెట్టిందో. లైటింగ్ దేనికి?"

వేలితో వెనక్కి లాగి మళ్లీ చూశాను. నిజమే. ఆ ముక్కను వెనక్కి తెచ్చి పెట్టాను. గదిలో కంప్యూటర్ మీద అయితే ఆ ముక్క దగ్గర అర సెకను కూడా ఆగి ఉండేవాణ్ణి కాదు.

నాలుగో రోజుకు టాబ్లెట్ ఆమె ఒడిలోకి వెళ్లింది. నేనేమీ నేర్పలేదు. నా చెయ్యి నొప్పి పెట్టినప్పుడు పట్టుకుంది, తర్వాత తిరిగివ్వలేదు. రెండు వేళ్లతో విప్పి బొమ్మను పెద్దది చేసేది, ఒక వేలితో పట్టీని మెల్లగా తోసేది, కోయాల్సిన చోట ఆగి ఊపిరి బిగబట్టేది. మెహందీ పెట్టేటప్పుడు కూడా అలాగే ఊపిరి బిగబడుతుంది. తప్పు చేస్తే రెండు వేళ్లతో ఒకసారి తట్టాలి, వెనక్కి వెళ్లిపోతుంది. అది ఆమెకు బాగా నచ్చింది.

"మెహందీల గూడ గిట్లుంటే మంచిగుండు" అంది.

నాకు మాత్రం రోజుకో చిరాకు. అరచెయ్యి తగిలితే పేర్చినదంతా జరిగిపోయేది. మధ్యాహ్నం పూట టాబ్లెట్ వేడెక్కి, పని మధ్యలో దానంతటది మూసుకుపోయేది. ఫ్యాన్ కింద పెట్టి చల్లారేదాకా ఆగేవాళ్లం. అసలు ఫుటేజీ అందులో పట్టదు కాబట్టి, తమ్ముడు స్టూడియోలో చిన్నసైజు నకళ్లు చేసి పంపాడు. ఆ నకళ్ల మీదే పని చేసి, చివరికి కంప్యూటర్‌లో అసలు ఫుటేజీకి తగిలించుకోవాలని మా ఏర్పాటు.

ఇలా పని సగానికి వచ్చినప్పుడు పెళ్లికూతురి తల్లి మా ఇంటికి వచ్చింది. ఏదో పని మీద వరంగల్ వచ్చి, మా తమ్ముణ్ణి అడ్రసు అడిగి తెలుసుకుని వచ్చిందట. నలభై ఐదేళ్లుంటాయి. వడదెబ్బ తగలకుండా కొంగు తలమీదుగా చుట్టుకుని ఉంది. నా భార్య మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది. వీడియో ఎప్పుడవుతుందని అడుగుతుందేమోనని నేను జవాబు తయారు చేసుకున్నాను. ఆమె అది అడగలేదు. టాబ్లెట్‌లో తన కూతురి మొహం ఆగి ఉండటం చూసి, మెల్లగా అడిగింది.

"అన్నా, నేను యాడన్న ఉన్ననా అండ్ల?"

"ఎందుకుండవమ్మా? కాళ్లు కడిగేటప్పుడు ఉన్నవు. అప్పగింతలల్ల ఉన్నవు."

"అదిగాదు. ఒట్టిగ ఉన్నకాడ. పని చేసుకుంటనో, నిలబడ్డో. ఉంటే జర ఉంచుండ్రి. తీసేయకుండ్రి."

అంతకంటే ఏమీ చెప్పలేదు. టీ తాగి, బస్సుకు టైమవుతోందని లేచింది. గుమ్మం దాటాక ఆగి, "మల్ల వారం వచ్చి సూస్త" అని మాత్రం అంది.

ఆమె వెళ్లాక నా భార్య వెతకడం మొదలుపెట్టింది. ఆ తల్లి దాదాపు ఎక్కడా మధ్యలో లేదు. పెళ్లికూతురు మధ్యలో ఉంటే, తల్లి మూలన చాప దులుపుతోంది. పెళ్లికొడుకు కారు దిగుతుంటే, వెనక షామియానా గుంజ పక్కన ఎవరికో నీళ్ల క్యాను అందిస్తోంది. పూజారి మంత్రాలు చదువుతుంటే, ఎవరో పిలిచినట్టున్నారు, చటుక్కున తల తిప్పి వెళ్లిపోయింది. నాకు ఇవేవీ కనబడలేదు. ఇరవై రెండేళ్లుగా నేను బొమ్మ నడిమధ్యనే చూస్తున్నాను. నడిమధ్యలో ఏముందో కెమెరా అతను నిర్ణయిస్తాడు, నేను అతన్ని నమ్ముతాను. నా భార్య మాత్రం వేళ్లతో బొమ్మను విప్పి, మూలమూలకూ జరిపి చూస్తోంది. మూడు రోజుల్లో ఏడు ముక్కలు పట్టుకుంది. ప్రతి ముక్కలోనూ తల్లి మొహం తెర నిండా వచ్చేలా పెద్దది చేసింది.

"జర మసక మసక ఉన్నది" అంది.

"నకలు గాబట్టి అట్లున్నది. అసలు దాంట్ల మంచిగ వస్తది. ఫికర్ చేయకు" అన్నాను.

నేను చెప్పింది తప్పని ఆ వారాంతంలోనే తెలిసింది. ఆదివారం పొద్దున ఇద్దరం కలిసి స్టూడియోకు వెళ్లాం. ఆమె ఆ మేడమెట్లు ఎక్కడం అదే మొదటిసారి. గదంతా కలియజూసి, కిటికీ ఎందుకు మూసేశారని అడిగింది. తెర మీద వెలుగు పడి రంగులు తేడాగా కనిపిస్తాయని చెప్పాను. టాబ్లెట్‌లో చేసిన ప్రాజెక్టును కంప్యూటర్‌లో తెరిస్తే మొదట బొమ్మలే రాలేదు. టైమ్‌లైన్ పొడవునా ఎర్రటి ఖాళీ డబ్బాలు కనిపించాయి. నా భార్య గభాలున నా చెయ్యి పట్టుకుంది, నొప్పి ఉన్న చెయ్యినే.

"పోయిందా అంత?"

"పోలే. అసలు ఫుటేజీ యాడున్నదో దీనికి తెల్వదు. చూపియ్యాలె."

ఒక్కొక్క ఫోల్డరూ చూపిస్తూ పోతే, డబ్బాలు ఒక్కొక్కటే బొమ్మలయ్యాయి. పెద్ద తెర మీద పెళ్లి తెరుచుకుంది. మొదట ఆమె చెప్పి పెట్టించిన గాజుల ముక్క వచ్చింది. మంచం మీద చూసినదానికి పదింతలు బాగుంది. తర్వాత తల్లి మొహం పెద్దది చేసిన మొదటి ముక్క వచ్చింది. మొహం ఉంది గానీ కళ్లు లేవు, కళ్లున్న చోట రెండు మరకలున్నాయి. కెమెరా ఫోకస్ ఆ క్షణంలో పెళ్లికూతురి మీద ఉంది. మూలన ఉన్న మనిషి మసకగానే నమోదైంది. అసలులోనూ మసకే. చిన్న తెర మీద అది కనబడలేదంతే.

"మీరు మంచిగ వస్తదన్నరు" అంది నా భార్య.

"అన్న."

తప్పు ఒప్పుకోవడం అంతకంటే ఎక్కువ నాకు చేతకాదు. పోనీ నువ్వు చెయ్యి అని మౌస్ ఆమె చేతికిచ్చాను. అది ఇంకో తంటా. ఆమె బల్ల మీద చెయ్యి జరుపుతోంది, కళ్లు తెర మీద ఉన్నాయి, బాణం మాత్రం ఎటో పోతోంది. రెండుసార్లు మరిచిపోయి తెరనే వేలితో తాకింది. అద్దం మీద వేలి గుర్తులు పడ్డాయి.

"చెయ్యి ఒకకాడ, కన్ను ఒకకాడ. గిట్లెట్ల చేసిన్రు ఇన్నేండ్లు?"

కుర్ర వయసులో మొదటిసారి మౌస్ పట్టుకున్నప్పుడు నాకూ ఇలాగే వింతగా అనిపించే ఉంటుంది. ఎంత గుర్తు చేసుకున్నా ఆ రోజు గుర్తు రాలేదు. అలవాటయ్యాక, అలవాటు కాకముందు ఎలా ఉండేదో మరుపొస్తుంది కాబోలు.

మంగళవారం పెళ్లికూతురి తల్లి స్టూడియోకే వచ్చింది. మసకగా ఉందని చెప్పి, మన్నించమని అడగాలని ముందే అనుకున్నాం. నా భార్య ఆమె పక్కన కూర్చుని, పెద్ద తెర మీద కాకుండా టాబ్లెట్‌లో ఏడు ముక్కలూ ఒక్కొక్కటే చూపించింది. మొదటి నాలుగూ చూసి ఆమె తల ఊపింది. ఐదోది రాగానే తెరకు దగ్గరగా వంగింది. అందులో ఆమె దేనికో వంగి నవ్వుతోంది. బొమ్మంతా ఆమె మొహమే.

"ఆమె ఏది?"

"ఎవరక్కా?" అంది నా భార్య.

"మా ఏరాలు. అవుతల దిక్కు పట్టుకున్నదామె. గంగాళం ఒక్కదాన్నే ఎట్ల లేపుత?"

నా భార్య రెండు వేళ్లు దగ్గరికి లాగి బొమ్మను చిన్నది చేసింది. మొహం కుదించుకుపోయింది, గంగాళం వచ్చింది, దాని అవతలి చెవి పట్టుకుని వంగిన ఇంకో ఆడమనిషి వచ్చింది. ఇద్దరూ గంగాళాన్ని నేల నుంచి లేపుతున్నారు. అవతలామె ఏదో అంది. ఈమె నవ్వింది. నవ్వులో గంగాళం ఒకపక్కకు ఒరిగింది, ఇద్దరూ మళ్లీ సర్దుకున్నారు. తర్వాత కెమెరా పెళ్లికొడుకు కారు వైపు తిరిగిపోయింది.

"గిదే" అంది పెళ్లికూతురి తల్లి.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. ఆమె భర్తా, భర్త తమ్ముడూ పొలం గట్టు దగ్గర మాటామాటా అనుకుని నాలుగేళ్లుగా మాట్లాడుకోవడం లేదు. మగవాళ్లు మానేస్తే వీళ్లూ మానేశారు. ఒకే వాకిలి, రెండు పొయ్యిలు. పెళ్లికి పిలవడానికి ఊరి పెద్దమనుషులను పంపితే తమ్ముడి కుటుంబం వచ్చింది, అంటీముట్టనట్టు ఒక పక్కన కూర్చుంది. వంటకాడ గంగాళం ఎత్తేవాళ్లు లేక ఈమె తిప్పలు పడుతుంటే, ఆ తమ్ముడి భార్య, ఈమె ఏరాలు, లేచి వచ్చి అవతలి చెవి పట్టుకుంది.

"ఏదో అన్నది. బ్యాండు చప్పుల్ల నాకు సక్కగ ఇనపడలే. ఆమె నవ్విందని నేను నవ్విన. లగ్గమైనంక మల్ల ఎవలింట్ల వాళ్లం. ఏమన్నవే అని యిప్పుడు పోయి ఎట్ల అడుగుదు?"

తెర వైపు వేలు చూపి అడిగింది. "మీ మిషిన్ల ఇనపడుతదా అన్నా?"

ఆ మాట విన్నాక చెయ్యి నొప్పి సంగతే మరిచిపోయాను. టాబ్లెట్‌లో విన్నాం, డప్పులూ బాకాలూ తప్ప ఏమీ లేదు. ముక్కను కంప్యూటర్ మీద తెరిచాను. తమ్ముడి కెమెరా ఆ ఆడవాళ్లకు దూరంగా ఉంది, కానీ అదే సమయంలో రెండో కెమెరా వంటల దగ్గర ఉందని గుర్తొచ్చింది. ఆ కెమెరా వంకాయలు తీస్తోంది. బొమ్మలో ఈ ఇద్దరూ లేరు. శబ్దం మాత్రం ఉండవచ్చు. రెండు కెమెరాల శబ్దాన్నీ ఒకదాని కింద ఒకటి పేర్చాను. పట్టీ మీద శబ్దం గీతల్లా, గుట్టల్లా కనిపిస్తుంది. డప్పు దెబ్బలు ఎత్తైన గుట్టలు. ఆ గుట్టల వరసను ఒకదానితో ఒకటి కలిపి, ఏ దెబ్బ ఎక్కడ పడిందో చూసి, రెండింటినీ ఒకే క్షణానికి తెచ్చాను. ఇక డప్పు మోత తగ్గించాలి, మనిషి గొంతు ఉండే చోట పెంచాలి. ఈ పనికి పెద్ద తెర, మీటలు, మంచి హెడ్‌ఫోన్లు కావాలి. ఎడమ చేత్తోనే చేశాను, నిదానంగా. ఇద్దరు ఆడవాళ్లూ నా వెనక నిలబడి ఉన్నారు.

మొదట ఒక మాట తేలింది. "నడుము." మళ్లీ వెనక్కి వెళ్లాను. "నీ బిడ్డ" అని వినిపించింది. ఇంకొంచెం సరిచేసి హెడ్‌ఫోన్లు తీసి ఆమెకిచ్చాను. తలమీది కొంగు తీసి పెట్టుకుంది. మీట నొక్కాను. ఆమె కళ్లు తెర మీద ఉన్నాయి. పెదవులు కదిలాయి.

"ఏమన్నది?" అంది నా భార్య.

"మల్లొకసారి పెట్టన్నా."

మళ్లీ పెట్టాను. మూడోసారి కూడా. హెడ్‌ఫోన్లు తీసి ఒడిలో పెట్టుకుని చెప్పింది.

"నీ బిడ్డ లగ్గానికి నా నడుము ఇరుగుతాంది, నా కొడుకు లగ్గానికి నీ నడుము ఇరగాలె సూడు, అన్నది."

చెప్పి నవ్వింది. తెర మీద ఆగిన నవ్వుకూ ఈ నవ్వుకూ పోలిక లేదు, ఇది చాలాసేపు ఉంది. ఆ తర్వాత మొహం తుడుచుకుని, "గా పిలగానికి వచ్చే ఏడు చేస్తరంట" అంది. ఆ కొడుకు పెళ్లికి తనను పిలుస్తారో లేదో అన్న బెంగ ఆమెకు ఉందని ఇప్పుడు అర్థమైంది.

మొహాన్ని పెద్దది చెయ్యవద్దని చెప్పింది. ఉన్నదున్నట్టే, దూరంగానే, ఇద్దరూ కనబడేలా ఉంచమంది. మూలన ఉంటే ఏమవుతుంది, నేనెక్కడున్ననో నాకు తెలుసుగదా అంది. అప్పటిదాకా మేం చేసిన ఏడు పెద్ద మొహాలనూ నా భార్య అక్కడే కూర్చుని రెండు వేళ్లతో తడుతూ మామూలుకు తెచ్చింది. గంగాళం ముక్క మాత్రం విడిగా తన ఫోన్‌లోకి పంపమని పెళ్లికూతురి తల్లి అడిగింది. పదకొండు సెకన్లు. మాట వినబడేలా చేసి పంపాను.

వారం రోజుల తర్వాత నా భార్యకు ఆమె దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఫోన్ స్పీకర్‌లో పెట్టింది కాబట్టి నేనూ విన్నాను. ఏరాలికి చూపించిందట. వాకిట్లో నిలబడే చూసిందట.

"ఏమన్నది అక్కా?"

"నేను గింత లావున్ననా అన్నది."

"గంతేనా?"

"మల్ల పెట్టు అన్నది. రెండుసార్లు సూశింది. పొద్దుగూకినంక చింతపండు కావాల్నని వచ్చింది. నాలుగేండ్ల సంది రాలే మా పొయ్యికాడికి."

మగవాళ్లు మాట్లాడుకున్నారా అంటే, ఇంకా లేదు అంది.

బోనాల ముందు వీడియో ఇచ్చేశాం. నా భుజం కొంచెం వదిలింది, డాక్టరు మౌస్ పట్టుకోవచ్చన్నాడు, గంటకోసారి లేవమన్నాడు. అయినా నన్నొక ప్రశ్న తొలుస్తూనే ఉంది. ఆ పెళ్లి వీడియో నేను చేసిన మిగతా పెళ్లిళ్లలా లేదు. తమ్ముడు కూడా చూసి, "ఏంది అన్నా, ఇది నీ తీరుగ లేదు. మంచిగనే ఉన్నది గని" అన్నాడు. ఆ తేడా టాబ్లెట్ వల్ల వచ్చిందా, నా భార్య వల్ల వచ్చిందా? తెలుసుకోవాలనిపించింది. అప్పగింతల ఫుటేజీ ఒకటే తీసుకుని, నేనొక్కణ్ణే రెండుసార్లు కూర్చాను, మొదట టాబ్లెట్‌లో, రెండు రోజులు ఆగి కంప్యూటర్‌లో. రెండింటి నిడివీ ఒకటే. చూస్తే, కంప్యూటర్‌లో చేసినదానిలో ముక్కలు దాదాపు రెట్టింపు ఉన్నాయి. మీట వేలి కింద ఉంది కాబట్టి కోశానేమో. టాబ్లెట్‌లో కోయడానికి వేలెత్తి ఒక బొత్తం దాకా వెళ్లాలి, ఆ కాసేపట్లో బొమ్మను ఇంకొంచెం చూశానేమో. దొరికింది జవాబు అనుకున్నాను.

అప్పుడు నా భార్యను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. ఈలోగా ఆమెకు మౌస్ కాస్త స్వాధీనమైంది. అదే ఫుటేజీ ఇచ్చాను, కోసే మీట చూపించాను. ఆమె చేసినదానిలో నేను టాబ్లెట్‌లో చేసినదాని కంటే కూడా తక్కువ ముక్కలున్నాయి. ఒక చోట పెళ్లికూతురు కారెక్కాక, కారు కదిలిపోయాక, ఖాళీ రోడ్డు మీద నిలబడ్డవాళ్లు చెప్పులు వెతుక్కోవడం దాకా ఉంచింది.

"ఇదెందుకు ఉంచినవ్?"

"ఏడ్సి ఏడ్సి చెప్పులు యాడ విడిసిన్రో మర్సిపోయిన్రు. ప్రతి లగ్గంల గిదే. మీరెప్పుడు సూపియ్యలే."

ఆమె మెహందీ పెట్టి, పెళ్లి దాకా ఉండి, డబ్బా సర్దుకుని, ఆటో కోసం నిలబడే సమయంలో ప్రతిసారీ చూసే దృశ్యమట అది. నా ప్రశ్నకు జవాబు మళ్లీ చేజారింది. మా అమ్మాయికి మూడూ చూపించి ఏది ఎవరు చేశారో చెప్పకుండా అడిగితే, చెప్పులున్నది బాగుందంది. మిగతా రెంటికీ తేడా తెలియలేదంది.

ఇప్పుడు మా ఇంట్లో పని పంపకం మారింది. ఫుటేజీ నకళ్లు ముందు నా భార్యకు వెళతాయి. ఆమె మంచం మీద కూర్చుని, వేళ్లతో మూలలు వెతికి, వరస పేర్చి ఇస్తుంది. నేను గదిలో పెద్ద తెర మీద ఫోకస్ చూస్తాను, రంగులు కలుపుతాను, శబ్దం శుభ్రం చేస్తాను. మసకగా ఉన్నవాటి మీద మాకు రోజూ వాదనే. తీసేద్దామని నేనంటాను, మనిషి ఉన్నది కదా అని ఆమె అంటుంది. పోయిన వారం మెహందీ డబ్బాతో పాటు టాబ్లెట్ కూడా సంచిలో పెట్టుకుని ఏటూరునాగారం దిక్కు ఒక పెళ్లికి పోయింది. అక్కడ తమ్ముడు తీసిన ముక్కలను పెళ్లివాళ్లకు అక్కడికక్కడే చూపిస్తుందట. వాళ్లు ఏ ముక్క దగ్గర ఆపమంటారో రాసుకుని వస్తానంది.